అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి

ఆ గది తలుపుకి గడియ లేదు. లోపల ఎవరితోనైనా మాట్లాడుతుంటే కౌన్సెలరు మేడం బయటి గొళ్లేనికి ఎర్ర రిబ్బను కడుతుంది. రిబ్బనుంటే లోపలికి రావద్దని గుర్తు. ఆ గుర్తు ఆసుపత్రిలో ఆవిడకి తప్ప ఇంకెవరికీ తెలిసినట్టు లేదు. నేను ఎదుటి బెంచీ మీద కూర్చున్న మూడు గంటల్లో ఆ తలుపు ఐదుసార్లు తెరుచుకుంది. ఒకాయన ఎక్స్‌రే గది అనుకుని తోశాడు. మిగతా నాలుగుసార్లూ ఫైళ్ల కోసం. ఆసుపత్రి పాత కాగితాల బీరువా ఆ గదిలోనే ఉంది మరి.

కౌమార ఆరోగ్యం మీద ఒక పేజీ రాసుకు రమ్మని మా ఎడిటర్ గారు పంపారు. కోస్తాలో ఒక ఏరియా ఆసుపత్రి. ఊరి పేరు రాయనని మేడానికి మాటిచ్చాను. "పేపర్లో పడితే రేపట్నించి ఒక్క పిల్లా గుమ్మం తొక్కదు సార్" అంది. కేంద్ర ప్రభుత్వం 2014 జనవరి 7న మొదలుపెట్టిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కింద ఏర్పాటైన గది ఇది. పదేళ్ల నుంచి పందొమ్మిదేళ్ల దాకా ఎవరైనా రావచ్చు. బోర్డు మీద పేరు బారెడుంది కానీ ఆయాల దగ్గర్నుంచి డాక్టర్ల దాకా అందరూ 'పిల్లల గది' అనే అంటారు.

బెంచీ మీద నా పక్కన ఒక తల్లి రుసరుసలాడుతోంది. తొమ్మిదో తరగతి కొడుకు లోపలున్నాడు. "చూడండి సార్, కడుపులో పెట్టుకుని సాకినదాన్ని నేను. నన్ను బయటికి పొమ్మంటుంది. మావాడికి చెప్పుకోవడం వచ్చా? ఏముందో నేను చెప్తాగా!" ఆవిడ చెప్పాల్సిందంతా నాకు చెప్పేసింది. ఎనిమిది దాకా బంగారమట. ఇప్పుడు తలుపేసుకుంటాడు, అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబు, గ్లాసు పట్టుకుంటే జారవిడుస్తాడు. ఆ చివరిదానికి మాత్రం నా దగ్గర జవాబుంది. ఈ వయసులో ఒంటికంటే ముందు చేతులూ పాదాలూ పెరుగుతాయి. నిన్నటి చెయ్యి అనుకుని ఇవాళ్టి చేత్తో పట్టుకుంటే గ్లాసు జారదా?

నాకు పద్నాలుగేళ్లప్పుడు కడుపునొప్పని నాన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన నా పొట్ట నొక్కుతూ ప్రశ్నలన్నీ నాన్ననే అడిగాడు. ఏం తింటాడు, విరేచనం అవుతోందా, ఎన్నాళ్లుగా? నొప్పి బడి ఉన్న రోజుల్లోనే వచ్చేదని, అదీ లెక్కల పిరియడుకి ముందు వచ్చేదని నాకొక్కడికే తెలుసు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నెల్లాళ్లు తెల్లటి మందు తాగాను.

పిల్లలు లోపలుండగా నన్ను రానివ్వనని మేడం ముందే చెప్పింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పిలిచి, "మీకిప్పుడు పదిహేనేళ్లనుకోండి" అంది. బల్లకి ఎదురుగా కాకుండా మూలగా కుర్చీ వేసింది. నా ముందు పాత కాగితాల దొంతర పెట్టింది. మాత్రల పొట్లాలకి కవర్లు మడవాలట. తనూ మడుస్తోంది. బొటనవేలి గోటితో అంచు గీసి, అరచేత్తో ఒక్క రాపు రాసి పక్కన పడేస్తుంది. తలెత్తదు. "కళ్లలోకి చూస్తూ అడిగితే పోలీసుస్టేషన్లా ఉంటుంది. చేతికి పనిస్తే నోరు కదులుతుంది" అంది. ఇది ఏ శిక్షణలోనూ నేర్పలేదట. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వాళ్లమ్మ దగ్గర తను ఎన్ని సంగతులు కక్కేసిందో గుర్తొచ్చి పెట్టుకున్న పద్ధతి.

"ఇక్కడి మాట ఇక్కడే ఉంటుంది నాన్నా. నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పున్నా, నిన్నెవరైనా హింసిస్తున్నా అప్పుడు మాత్రం దాచలేను. అలా చెప్పాల్సొస్తే ముందు నీకే చెప్తాను." ఇది మొదటి మాట. రెండోది, "మీ ఇంట్లో ఎవరెవరు ఎక్కడ పడుకుంటారు?"

నేను మడత ఆపేశాను. ఇంట్లో అంతా బావున్నారా అంటే ఎవరైనా బావున్నారనే అంటారు. ఈ ప్రశ్నకి అలా తప్పించుకోలేం. నాన్న వరండాలో, అమ్మ వంటింట్లో అని చెప్పేలోపు మా ఇల్లంతా బయటపడిపోయింది.

తర్వాత బడి, తిండి, నిద్ర, స్నేహితులు. అక్కడ్నించి మెల్లగా, "మీ క్లాసులో గుట్కా వేసేవాళ్లున్నారా?" ముందు క్లాసు, తర్వాత స్నేహితుడు, ఆఖర్న నువ్వు. ప్రేమల సంగతీ అంతే. చావాలనిపించడం గురించి అన్నిటికంటే చివర, కానీ తప్పకుండా. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని పెద్దలకి భయం. అలా జరగదని పరిశోధనలు తేల్చాయి. తేలిక ప్రశ్నల నుంచి బరువైనవాటికి నడిచే ఈ వరసకి డాక్టర్లు పెట్టుకున్న పేరు 'హెడ్స్'. సియాటిల్ డాక్టరు హార్వే బెర్మన్ 1972లో మొదలుపెట్టాడు, గోల్డెన్‌రింగ్, కోహెన్ 1988లో పదును పెట్టి అచ్చువేశారు. దాన్ని ఈవిడ చిక్కుడుకాయల భాషలోకి దించింది.

ఒంటరిగా కూర్చోబెడితే ఏం బయటపడుతుందని అడిగాను. పేర్లు లేకుండా, ఏటా వచ్చే మగపిల్లల గురించి చెప్పింది. ఎండాకాలంలో రెండు బనీన్లు తొడుక్కుంటారు, ఆటలు మానేస్తారు. ఛాతీ దగ్గర కాస్త గడ్డలా ఉబ్బిందని, తాము మగవాళ్లం కాకుండా పోతున్నామేమోనని లోలోపల చస్తుంటారు. ఈ వయసు మగపిల్లల్లో ఇంచుమించు సగం మందికి వచ్చేదే అది. చాలామందిలో ఏడాది రెండేళ్లలో దానంతటదే తగ్గిపోతుంది. ఆ ఒక్క ముక్క తల్లి పక్కనుంటే ఏ పిల్లాడు అడుగుతాడు?

వెనకటికి ఇవన్నీ అమ్మమ్మలూ మేనత్తలూ చూసుకునేవారు కదా అన్నాను, పొరపాటున. "ఏం చూసుకున్నారు సార్? మూలన కూర్చోమన్నారు, చిమ్మిలి తినిపించారు. అడిగిందెప్పుడు?" అంది.

రిజిస్టరు చూపించింది. ఎంతమంది వచ్చారు, ఎన్ని ఐరన్ మాత్రలు ఇచ్చారు అన్నదానికి గళ్లున్నాయి. వారానికొక నీలం బిళ్ల అవసరమే, కాదనను. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత. కానీ ఒక్కొక్కరితో ఎంతసేపు కూర్చున్నారన్నదానికి గడి లేదు. లెక్కలో లేని పనికి గది ఎవరిస్తారు? బీరువాకే ఇస్తారు.

నాకు మండిపోయేది ఇక్కడే. రాత్రి నిద్ర ఆలస్యంగా ముంచుకొచ్చే వయసు పిల్లల్ని తెల్లవారుజామునే స్టడీ అవర్లకి లేపే ఇంటర్ హాస్టళ్లకి లక్షలు కడతాం. వారం వారం ర్యాంకు అడుగుతాం. ఎలా ఉన్నావని అడిగే మనిషి జీతానికి దిక్కుండదు. ఆవిడది కాంట్రాక్టు ఉద్యోగం.

చట్టం ఇంకో చిక్కు. పద్దెనిమిది లోపు పిల్ల తన ప్రేమ సంగతి చెబితే, అది పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కిందికొచ్చేదైతే పోలీసులకి తెలపక తప్పదు. గర్భస్రావానికి వచ్చిన మైనరూ సంరక్షకులూ కోరితే పోలీసులకిచ్చే సమాచారంలో ఆ పిల్ల పేరు బయటపెట్టనక్కర్లేదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అంది. ఆ వెసులుబాటు ఆసుపత్రి దాకా వచ్చినవాళ్లకే. భయంతో రానివాళ్ల సంగతి అడిగితే మేడం కవరు మడుస్తూ ఉండిపోయింది.

నేను బయటికొచ్చేసరికి ఆ తల్లీ కొడుకూ మాత్రల కిటికీ దగ్గర ఇంకా లైన్లోనే ఉన్నారు. "ఏం అడిగిందిరా?" అంటోంది. "కవర్లు మడవమంది" అన్నాడు వాడు.

ఆ ఆసుపత్రి పెద్దలకి ఈ పేజీ కనబడితే ఒక్క మనవి. గడియ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ బీరువాని వేరే గదిలోకి మార్పించండి.