డాన్యూబ్ ఒడ్డున ఒక చిన్న ఘనం

బుడాపెస్ట్ అతుకులతో అందం సంతరించుకున్న నగరం. డాన్యూబ్ నదికి పడమట కొండల మీద బుడా, తూర్పున మైదానంలో పెస్ట్, ఉత్తరాన పురాతనమైన ఓబుడా. ఈ మూడు పట్టణాలూ 1873లో ఏకమై ఒకే నగరం అయినాయి. అంతకు ముందే, 1849లో, బుడా పెస్టులను శాశ్వతంగా కలిపిన మొదటి వంతెన వెలసింది. గొలుసు వంతెన అని దానికి పేరు. పెస్ట్ తీరం వెంబడి పసుపుపచ్చని ట్రాములో సాగిపోయే యాత్రికునికి ఒక వంక పార్లమెంటు భవన శిఖరాలు, నదికి ఆవలి వంక కోట కనువిందు చేస్తాయి. కాని ఈ నగరం ప్రపంచానికి అందించిన వస్తువులలో బహుశా అత్యంత ప్రసిద్ధమైనది గుప్పిటలో పట్టేటంత చిన్నది. అదే రూబిక్ క్యూబ్.

1974 వసంతకాలంలో ఎర్నో రూబిక్ అనే యువ అధ్యాపకుడు తల్లి నివాసంలోని తన గదిలో కూర్చుని కొయ్యముక్కలతో ఒక ఘనాన్ని నిర్మించాడు. ఆయన వయస్సు అప్పటికి 29 సంవత్సరాలు. నగరంలోని అనువర్తిత కళల విద్యాలయంలో ఆయన బోధకుడు. ముక్కలు విడివిడిగా కదలాలి, అయినా ఘనం విడిపోరాదు. ఇదీ ఆయన ముందున్న చిక్కు. మొదట రబ్బరు పట్టీలతో బిగించి చూస్తే అవి తెగిపోయాయి. డాన్యూబ్ ఒడ్డున నీటి ఒరిపిడికి నున్నబడిన గులకరాళ్ళను చూసినప్పుడు లోపలి భాగాలను గుండ్రంగా మలచాలన్న ఊహ ఆయనకు తట్టిందని చెబుతారు.

నిర్మాణం పూర్తయ్యాక ముఖాలకు ఆరు రంగులు అద్ది, నాలుగు మలుపులు తిప్పి చూశాడు. రంగులు చెదిరిపోయాయి. అప్పుడు ఆయనకు ఎదురైన ప్రశ్న అసలైనది: వీటిని తిరిగి యథాస్థానానికి చేర్చడం సాధ్యమేనా? చేర్చగలిగిన వాడు ప్రపంచంలో అప్పటికి ఒక్కడూ లేడు. చూసి నేర్చుకోవడానికి పుస్తకమూ లేదు, అడగడానికి గురువూ లేడు. తాను సృష్టించిన చిక్కుముడిని తానే విప్పుకోవడానికి రూబిక్‌కు నెల రోజులకు పైగా పట్టింది. ఈ క్రీడలో మొట్టమొదటి ఆరంభకుడు దాని సృష్టికర్తే!

1977లో బుడాపెస్ట్‌కు చెందిన పొలిటెక్నికా సంస్థ ఈ బొమ్మను 'మాయా ఘనం' అనే అర్థం వచ్చే హంగేరియన్ పేరుతో బజారుకు తెచ్చింది. 1980లో అది విదేశాలకు ప్రయాణమై సృష్టికర్త పేరునే ధరించింది. వినోదం త్వరలోనే పందెమైంది. 1981 మార్చి 13న మ్యూనిక్‌లో జరిగిన పోటీలో క్యూబులన్నిటినీ 40 సార్లు తిప్పి, పెట్రోలియం జెల్లీ పూసి సిద్ధం చేశారు. విజేతకు 38 సెకన్లు పట్టింది. మరుసటి సంవత్సరం జూన్ 5న, క్యూబ్ పుట్టిన బుడాపెస్ట్‌లోనే 19 దేశాల పోటీదారులు సమావేశమైనారు. అమెరికా తరఫున వచ్చిన వియత్నాం సంతతి విద్యార్థి మిన్ థాయ్ 22.95 సెకన్లలో క్యూబును పరిష్కరించి విజేత అయినాడు. ఆనాడు పదవ స్థానంలో నిలిచిన చెకొస్లొవేకియా పోటీదారు జెస్సికా ఫ్రిద్రిక్ పేరు మీదుగానే తరువాతి కాలంలో అత్యధికులు అనుసరించిన పద్ధతి ప్రసిద్ధికెక్కింది.

పాతికేళ్ళకు, 2007లో, ప్రపంచ పోటీ మళ్ళీ ఈ నగరానికే వచ్చింది. జపాన్‌కు చెందిన యు నకజిమా సగటున 12.46 సెకన్లతో గెలిచాడు. 1982లో లెక్కకు తీసుకున్నది ఒక్క ఉత్తమ ప్రయత్నం. 2007లో తీసుకున్నది సగటు. అయినా కాలం దాదాపు సగానికి తగ్గింది. పద్ధతులు మెరుగుపడ్డాయి, పనిముట్టూ మారుతూ వచ్చింది. నేటి వేగపు క్యూబులో ఆరు మధ్య ముక్కల మూతల కింద మరలు, స్ప్రింగులు ఉంటాయి. బిగువును ఎవరి చేతికి తగినట్లు వారు సరిచేసుకోవచ్చు. పలు రకాలలో ముక్కల లోపల సన్నని అయస్కాంతాలు ఉండి, తిరుగుతున్న పొరను సరియైన చోటికి లాగి నిలుపుతాయి.

ఇటువంటి కొత్త క్యూబును చేతబట్టి ఒక ఆరంభకుడు డాన్యూబ్ ఒడ్డు మెట్ల మీద కూర్చున్నాడనుకుందాం. బిరుసైన పాత క్యూబుతో అతడు రెండు నిమిషాలలో పని ముగించేవాడు. కొత్తది చేతికి రాగానే నిమిషానికి దిగుతానని ఆశపడ్డాడు. తీరా గడియారం చూసుకుంటే రెండున్నర నిమిషాలు! పాతదానికి మణికట్టు బలం కావలసి వచ్చేది. ఆ బలమే ఇక్కడ శత్రువైంది. ఒక్క పావు మలుపు తిప్పబోతే పొర దానిని దాటి పరుగెత్తుతున్నది. ఒక పొర నిలవక ముందే రెండవదాన్ని కదిలిస్తే ముక్కలు ఒకదానికొకటి అడ్డుపడుతున్నాయి. కంగారులో క్రమం మరచిపోయి మళ్ళీ మొదటికి వస్తున్నాడు. పాత క్యూబే నయమనిపించే ఘడియ ఇదే. సాధన సాగుతుందో ఆగుతుందో తేలేదీ ఇక్కడే.

అనుభవజ్ఞుల సలహా వినడానికి వింతగా ఉంటుంది: వేగం కావాలంటే నిదానించు. మరలను ఒక్కసారిగా వదులు చేయరాదు; ఆరింటినీ సమానంగా, కొద్దికొద్దిగా సవరించుకోవాలి. మరీ వదులైతే ఆట మధ్యలో ముక్కలు ఊడి పడతాయి. పిడికిలి పట్టు సడలించి, పొరను వేలి కొనతో తట్టడం నేర్వాలి. అన్నిటికీ మించి, చేతులు ఒక ముక్కను అమరుస్తుండగానే కన్ను తరువాతి ముక్కను వెదకాలి. ఆరంభకుని కాలాన్ని అధికంగా మింగేది మలుపులు కాదు, మలుపుల మధ్య విరామాలు. వేళ్ళను అదిలించి విరామాలను పెంచుకోవడం కంటే, ఆగకుండా మెల్లగా తిప్పడమే అతనికి లాభం.

క్యూబుకు సాధ్యమైన అమరికలు 43తో మొదలయ్యే 20 అంకెల సంఖ్య. వాటిలో దేనినైనా 20 లేక అంతకు తక్కువ మలుపులలో పరిష్కరించవచ్చునని 2010లో కంప్యూటర్ల సాయంతో రుజువైంది. ఆ దగ్గరి దారిని క్షణాలలో చూడగల మానవుడు లేడు. ఆరంభకుడు నూరు మలుపులకు పైగా తిప్పుతాడు. ఫ్రిద్రిక్ పద్ధతి తెలిసిన నిపుణుడు అరవై లోపల ముగిస్తాడు. నూరు నుంచి అరవైకి గల దూరాన్ని ఏ అయస్కాంతమూ తగ్గించలేదు. దానిని తగ్గించేది అభ్యాసం.

మెట్ల మీది ఆరంభకుడు గడియారాన్ని జేబులో వేసుకుని, ఈసారి కాలం లెక్కపెట్టకుండా తిప్పడం మొదలుపెట్టాడు. మొదటి పొర కుదిరింది, రెండవదీ కుదిరింది. అతని పాదాల చెంత నది ప్రవహిస్తూనే ఉన్నది. గులకరాయిని నున్నగా చేయడానికి దానికి ఎన్నడూ తొందర లేదు.