జీపుకు పిప్పిపన్ను

తుప్పు సంగతి మగవాళ్ళకంటే మనకే ఎక్కువ తెలుసునని నా నమ్మకం. ఇనప పెనం తోమి, తడి తుడవకుండా బోర్లించామా, తెల్లారేసరికి ఎర్రటి మరకలు! అందుకే పొయ్యి మీద ఒకసారి కాక చూపించి, నూనె చేత్తో రాసి పక్కన పెడతాం. కత్తిపీటకు తుప్పు పడితే చింతపండు రాసి తోముతాం. ఇవన్నీ మనకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు. అమ్మలూ, అత్తగార్లూ చెప్పారు.

ఇత్తడి బిందెకు పట్టేది చిలుము, ఇనుముకు పట్టేది తుప్పు. రెండూ అక్కచెల్లెళ్ళే అనుకుంటాం గానీ గుణంలో చాలా తేడా ఉంది. రాగికి పట్టిన చిలుము లోపలి లోహాన్ని అంటిపెట్టుకుని చాలావరకు కాపలా కాస్తుంది. అల్యూమినియం గిన్నెకైతే కంటికి కనపడని పొర ఒకటి ఎప్పుడూ కప్పుకునే ఉంటుంది. తుప్పు అలా కాదు. తాను తిన్న ఇనుముకంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమించి, ఉబ్బి, పెచ్చులుగా ఊడిపోయి, కిందనున్న కొత్త ఇనుమును మళ్ళీ గాలికీ నీటికీ అప్పగిస్తుంది. కొందరు చుట్టాలుంటారు చూడండి, తిని వెళ్ళిపోతే పోనీ, వెళుతూ వెళుతూ వీధి తలుపు బార్లా తీసి ఇంకొకళ్ళను పిలిచిపోతారు. ఇదీ ఆ రకమే.

అయితే పెనాన్ని చేతిలో తిప్పి చూడగలం. జీపును బోర్లించి చూడగలమా? చిక్కంతా అక్కడే వచ్చింది.

మా జీపును మా మామగారు 1986లో కొన్నారు. నేను తెనాలికి కాపురానికి వచ్చేసరికి దానికి ఏడాది నిండింది. ఇంట్లో నాకంటే అదే సీనియర్ అన్నమాట! రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం పుట్టిన బండి, 1940ల చివర్లో మహీంద్రా వారి చేతుల్లో మన దేశానికి వచ్చి, పోలీసులకూ తాసీల్దార్లకూ వాహనమై, చివరికి మాలాంటి వ్యవసాయదారుల వాకిట్లో వేపచెట్టు కింద స్థిరపడింది. మామగారు పోయి చాలా ఏళ్ళయినా ఇప్పటికీ ఊళ్ళో అది "పెద్దాయన జీపే". పదిహేనేళ్ళు నిండిన దగ్గర్నుంచీ ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ, మావారు దాన్ని కన్నబిడ్డలా చూసుకుంటున్నారు. కన్నబిడ్డలు మాత్రం, "నాన్నా, మమ్మల్ని ఇలా ఎప్పుడైనా తుడిచావా?" అని అడుగుతుంటారు.

మా పొలం రేపల్లె అవతల ఉంది. తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా వెళ్ళి, తారురోడ్డు దిగి డొంకలో పడితే, వానాకాలంలో నాలుగు చక్రాలూ లాగే బండి తప్ప ఇంకేదీ కదలదు. నా పుట్టిల్లేమో బాపట్ల. అక్కణ్ణుంచి సూర్యలంక సముద్రం తొమ్మిది కిలోమీటర్లు. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా అయ్యాక రేపల్లె కూడా అందులోకే వెళ్ళింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. అంటే మావారి పొలం మా పుట్టింటి జిల్లాలో ఉందన్నమాట! ఈ సంగతి నేను నెలకోసారైనా గుర్తుచేయకుండా ఉండను.

ఈ మూడు ఊళ్ళ మధ్యా తిరిగిన బండికి పట్టినది మామూలు తుప్పు కాదు, ఉప్పు పెట్టిన తుప్పు. నిజాంపట్నం వైపు గాలిలోనే ఉప్పుంటుంది. సముద్రం పోటు మీదుంటే మురుగు కాలవల్లోకీ ఉప్పునీరు ఎగదన్నుతుంది. రొయ్యల చెరువుల గట్ల మీద మట్టి కూడా ఉప్పగానే ఉంటుంది. వానాకాలం జాడీలో రాళ్ళుప్పు ఎలా చెమ్మగిల్లి నీరు కారుతుందో మనకు తెలియంది కాదు. అందులో కలిసివున్న మెగ్నీషియం లవణాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. జీపు అడుగున ఇరుక్కున్న ఉప్పుమట్టి చేసేదీ అదే. బయట ఎండ కాస్తున్నా లోపల ఇనుముకు తడిగుడ్డ చుట్టినట్టే. పైగా ఉప్పు కలిసిన నీటిలో తుప్పు పని వేగంగా సాగుతుంది.

సముద్రం మంచిదీ, చెడ్డదీ కాదు, దాని పని అది చేసుకుపోతుంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు పదేళ్ళు. దివిసీమలోనూ, మా వైపునా పోయిన ప్రాణాల ముందు ఇనుము గొడవ ఎత్తడమే తప్పు. కానీ ఆ నీళ్ళు తీసిన తర్వాత కూడా ఉప్పు ఉండిపోయిందని, పొలాలు తెల్లగా పొక్కాయని పెద్దవాళ్ళు చెప్పుకోవడం నాకు గుర్తు. నీరు వెళ్ళిపోతుందమ్మా, ఉప్పు వెళ్ళదు.

సరే, అసలు కథకు వస్తాను. ఏటా సంక్రాంతి ముందు మావారు జీపు అడుగున నిగనిగలాడే నల్లరంగు వేయిస్తారు. చూసినవాళ్ళంతా "కొత్తబండిలా ఉందే!" అనేవారు. పోయిన ఏడాది నా వైపు తలుపు సరిగ్గా పడటం మానేసింది. కాస్త పైకెత్తి మూస్తే గానీ గడి పడేది కాదు. "బందులు అరిగాయిలే" అన్నారు మావారు. బందులు మార్చారు. అయినా పడదు. ఇంట్లో తలుపు బిగిస్తే గుమ్మం కుంగిందేమో చూస్తాం గదా! "తలుపు కాదండీ, బండే కుంగిందేమో చూపించండి" అన్నాను.

షెడ్డులో పెద్దమేస్త్రి జీపు కింద పడుకుని చిన్న సుత్తితో చాసీని వరసగా కొట్టుకుంటూ వచ్చాడు. చాసీ అంటే బండికి వెన్నెముక. ఇంజను, చక్రాలు, మనం కూర్చునే తొట్టి, అన్నీ దాని మీదే. టంగ్, టంగ్, టంగ్... వెనక కమాన్ కట్ట బిగించిన చోటికి వచ్చేసరికి "థప్"మంది. స్క్రూడ్రైవర్ పెట్టి పొడిస్తే పిడి దాకా దిగిపోయింది! నల్లరంగు పగిలి, దాని వెనకనుంచి దోసెడు ఎర్రటి పెచ్చులు రాలాయి. మావారి ముఖం చూడలేకపోయాను.

"పైన ఒక రేకు అంటించి రంగు కొట్టేస్తే సాయంత్రానికి ఇంటికెళ్ళొచ్చండీ" అన్నాడు అక్కడే ఉన్న కుర్ర మేస్త్రి. పెద్దమేస్త్రి ఒప్పుకోలేదు. "అమ్మగారూ, పిప్పిపన్నుకు పైన సిమెంటు పూస్తే ఏమవుద్దండీ? లోపల పుచ్చింది పుచ్చుకుంటానే ఉంటది. మంచి ఇనుము తగిలేదాకా కోయాల. ఇన్నాళ్ళూ ఈ నల్లరంగు కింద చెమ్మ దాచిపెట్టి పెంచారు" అన్నాడు.

కోయాలంటే తొట్టి పైకి లేపాలి. మూడు వారాల పని. నా రెండు గాజులకు సరిపడా ఖర్చు. మావారికి మనసొప్పలేదు. నాన్న కొన్న బండికి కోతపెట్టడమా? కార్తీక పౌర్ణమికి అమ్మాయీ, పిల్లలూ వస్తున్నారు. సూర్యలంకకు సముద్రస్నానానికి అందరం ఈ జీపులోనే వెళ్ళడం ఆనవాయితీ. "ఈసారికి రేకు వేయించి, తర్వాత చూద్దాం" అన్నారు. కమాన్ కట్ట ఊడి చక్రం పక్కకి తిరిగితే రోడ్డు మీద ఏమవుతుందో నేను పైకి అనలేదు. అనవలసిన అవసరం రాలేదు. మంచం మీద కూర్చున్న మా అత్తగారు ఒక్కమాట అన్నారు: "ఒరే అబ్బాయ్, బండి మీ నాన్న జ్ఞాపకమే. పిల్లలు మీ నాన్న రక్తం. ఏది ముందో నువ్వే చూసుకో."

మర్నాడు బండి షెడ్డుకు వెళ్ళింది. ఆ ఏడు సముద్రానికి రైల్లో బాపట్ల వెళ్ళి, అక్కణ్ణుంచి ఆటోల్లో పోయాం. పిల్లలకు అదీ సంబరమే.

ఆ పని ఎలా చేస్తారో చూడాలని రెండుసార్లు షెడ్డుకు వెళ్ళాను. ముందు బ్యాటరీ తీసి, డీజిల్ ట్యాంకు దింపారు. వెల్డింగు నిప్పురవ్వలతో పరాచికాలు కావు గదా! పుచ్చిన భాగాన్ని మెరిసే ఇనుము కనిపించేదాకా కోశారు. అంతే మందం రేకును ఆ ఆకారంలో మలిచి అతికారు. అతుకు ఒక్క ఊపున పోయలేదు. ఇక్కడ కాస్త, అవతల కాస్త, మధ్యలో చల్లారనిచ్చి. ఒకే చోట వేడెక్కితే చాసీ వంకర పోతుందట. తర్వాత మూల నుంచి మూలకు టేపు పట్టి రెండు వైపులా ఒకటే కొలత వచ్చిందాకా చూశారు. మనం పెద్దముగ్గుకు నలుచదరం సరిచూసుకోమూ, అదే లెక్క. ఆ సాయంత్రమే రెడ్ ఆక్సైడు పూశారు. మన గాలికి ఒట్టి ఇనుము రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది. చివర్న, పెట్టెలా మూసుకున్న భాగాల్లో నీరు కారిపోవడానికి మొదట్నుంచీ ఉన్న రంధ్రాలను పుల్లతో పొడిచి తెరిచారు. వాటినిండా నలభై ఏళ్ళ రేపల్లె మట్టి!

ఇప్పుడు మా ఇంట్లో కొన్ని కట్టుబాట్లు. జీపు ఇసకలోకి దిగదు. ఉప్పు వైపు వెళ్ళొచ్చిన రోజున అడుగంతా మంచినీళ్ళతో కడిగి, ఆరాకే చెట్టు కిందికి. నల్లరంగు బంద్. ఏదైనా పూస్తే, కింద ఇనుము శుభ్రంగా, పొడిగా ఉన్నప్పుడే. తొట్టి లేపిన పుణ్యాన ఇంకో రెండుచోట్ల ఇనుము పలచబడ్డట్టు కనిపించింది. పెద్దమేస్త్రి వాటి చుట్టూ సుద్దతో గీతలు గీసి, "వీటిని ఆరునెలలకోసారి కొట్టి చూడండి. బండికి ఎప్పుడు సెలవివ్వాలో అవే చెబుతాయి" అన్నాడు.

ఆ సుత్తి మావారు నా చేతికే ఇచ్చారు. తనకు టంగుకీ, థప్పుకీ తేడా తెలియడం లేదట. మట్టికుండ కొనేటప్పుడు వేలితో తట్టి, పగులుందో లేదో చెప్పేది మనమే కదండీ మరి!