రేజర్ రామోన్ పేరు ఎవరిది?

ట్రంప్ కార్డులు ఆడటానికి కడప బండల నేలను మించిన చోటు లేదు. ఎండాకాలం మధ్యాహ్నం రాజంపేటలో కరెంటు పోగానే పిల్లలందరం పంచలో చల్లటి నల్లబండ మీద బోర్లా పడుకుని కార్డులు పంచుకునేవాళ్ళం. కార్డు పైన రెజ్లర్ ఫోటో, కింద ర్యాంకు, హైటు, వెయిటు, ఛాతీ, బైసెప్స్, ఆడిన ఫైట్లు, గెలిచిన ఫైట్లు. జెయింట్ గొంజాలెజ్ చేతికొస్తే హైటు చెప్పాలి, యోకోజూనా వస్తే వెయిటు. ఎవరికి ఏది చెప్పాలో ఎక్కాల కంటే ముందు వచ్చేసింది మాకు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవడం మాలో చాలామంది ఆ కార్డుల మీదే నేర్చుకున్నారు.

ఆట చూడాలంటే మాత్రం కర్నూలు పోవాలి. సెలవులకు మేనమామ ఇంటికి పోతే అక్కడ కేబుల్ కనెక్షన్ ఉండేది. మామ కొడుకు నాకంటే నాలుగేళ్ళు పెద్ద, ఆ రెజ్లర్ల కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ గురించి వాడు చెప్పిందే మాకు వేదం. మా జేజి కూడా మంచం మీద నుంచి చూస్తా, "దారాసింగు ముందర వీళ్ళెంతరా" అనేది. ఆమెకు మల్లయుద్ధం అంటే దారాసింగ్, కింగ్‌కాంగ్, అంతే.

ఆ కాలంలోనే ఒక వేసవికి మామ కొడుకు మోసుకొచ్చిన వార్త మమ్మల్ని కుదిపేసింది. రేజర్ రామోన్ పోయినాడు. డీజిల్ పోయినాడు. హల్క్ హోగన్ అయితే 1994లోనే పోయినాడంట. పోయింది ఎక్కడికి? డబ్ల్యూసీడబ్ల్యూకి. అంటే శత్రువుల కంపెనీకి. కార్డుల్లో వాళ్ళింకా మా చేతుల్లోనే ఉన్నారు, హైట్లు వెయిట్లతో సహా. మనుషులు మాత్రం అటు పోయినారు.

మా సీమలో ఒక మనిషి పక్షం మారడమంటే చిన్న మాట కాదు. ఎవరు ఎవరి వైపో పిల్లలకు కూడా తెలిసిన ఊళ్ళు మావి. అందుకే పంచలో తీర్పు చెప్పడానికి నిమిషం పట్టలేదు: ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేసినారు. ఒకడు రేజర్ రామోన్ కార్డు మీద పెన్నుతో అడ్డగీత కూడా గీసేశాడు.

అప్పుడు కువైట్ నుంచి సెలవు మీద వచ్చి ఉన్న మా చిన్నాయన అక్కడే కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు. రాజంపేట, రాయచోటి వైపు ఇంటికొకరు కువైట్‌లో ఉండటం కొత్తేమీ కాదు. ఆయన ఒక ఇంట్లో డ్రైవరు. అంతసేపూ విని అన్నాడు: "ఎక్కువ ఇచ్చే తావుకు పోయినాడు, దాంట్లో తప్పేముండాదిరా? వానికి రిలీజు దొరికింది. నాకు దొరకలా." పాస్‌పోర్టు ఆయన దగ్గర ఉండేది కాదు. ఒక కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర నుంచి ఇంకో కఫీల్ దగ్గరికి మారాలంటే మొదటివాడు ఒప్పుకోవాలి, అకామా (అక్కడ ఉండే అనుమతి) మారాలి. ఆ మాట విన్నాక నేను ఆ గీత గీసిన కార్డును అడిగి తీసేసుకున్నాను. అది ఇప్పటికీ నా దగ్గరుంది.

ఆ తర్వాత ఆ రెండు కంపెనీల కథ చదువుకుంటూ పోయిన కొద్దీ చిన్నాయన మాటే నిజమని తేలింది. రెజ్లర్లు కంపెనీ ఉద్యోగులు కారు, కాంట్రాక్టు మనుషులు. ఏడాదిలో ఎక్కువ రోజులు రోడ్ల మీదే. దెబ్బ తగిలితే భారం చాలావరకు వాళ్ళదే. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ యజమాని విన్స్ మెక్‌మాన్ దగ్గర రాబడి టికెట్ల అమ్మకాన్ని బట్టి ఉండేది. టీవీ ఛానెళ్ళ యజమాని టెడ్ టర్నర్ డబ్బుతో నడిచే డబ్ల్యూసీడబ్ల్యూ ఇంత అని ఖాయంగా రాసిచ్చింది, పైగా పనిరోజులు తక్కువ. పెళ్ళాం బిడ్డలున్న మనిషి దేన్ని ఎంచుకుంటాడు? 1995 సెప్టెంబరు 4న డబ్ల్యూసీడబ్ల్యూ టీవీ షో 'నైట్రో' మొదటిరోజే లెక్స్ లూగర్ అందులో ప్రత్యక్షమయ్యాడు, ముందురోజు దాకా డబ్ల్యూడబ్ల్యూఎఫ్ రింగులో ఉన్నవాడు. 1996 మే 27న రేజర్ రామోన్ నైట్రోలోకి నడిచొచ్చాడు.

కాదు, రేజర్ రామోన్ రాలేదు. స్కాట్ హాల్ వచ్చాడు. ఆ పేరు డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌ది. పళ్ళపుల్ల నోట్లో పెట్టుకోవడం, ఆ నడక, ఆ యాస ఆయన ఒంట్లోనివే, అయినా పేరు ఆయనది కాదు. డీజిల్ కూడా కెవిన్ నాష్ అయిపోయాడు. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కోర్టుకు పోవడమే కాక, అదే ఏడాది ఇంకో ఇద్దరికి ఆ వేషాలు వేసి, రేజర్ రామోన్, డీజిల్ తిరిగొచ్చారని రింగులోకి దించింది. జనం ఒప్పుకోలేదు. ఆ దొంగ డీజిల్ వేషం కట్టిన గ్లెన్ జేకబ్స్ ఆ మరుసటి ఏడాది ముసుగు తొడుక్కుని కేన్ అయ్యాడు. మనిషిని పక్కన పెట్టి వేషాన్ని ఇంకొకరికి తొడిగితే సరిపోతుందనుకున్న ఆ ఆలోచన నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

మేం ఎప్పటికీ మారని మనిషిగా కొలిచిన అండర్‌టేకర్ కూడా డబ్ల్యూసీడబ్ల్యూ నుంచి వచ్చినవాడే. అక్కడ మీన్ మార్క్ అనే పేరుతో ఉండి, 1990లో ఇటు వచ్చాడు. మా హైటు రారాజు గొంజాలెజ్ అక్కడ ఎల్ హిగాంటే. వలస రాని కార్డులు మా కట్టలో ఎన్ని ఉండేవో!

పేరు వదిలేసి పోవచ్చు. మరి బెల్టు? 1995 డిసెంబరులో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ మహిళా ఛాంపియన్ మడూసా ఆ బెల్టు పట్టుకుని నైట్రోకు వచ్చి, కెమెరా ముందు చెత్తడబ్బాలో పడేసింది. మెక్‌మాన్ ఆ దృశ్యాన్ని మరిచిపోలేదు. రెండేళ్ళ తర్వాత దాని మూల్యం కట్టింది ఆ పనికి ఏ సంబంధమూ లేని బ్రెట్ హార్ట్.

బ్రెట్ మా పంచలో అందరికీ ఇష్టుడు. 1996లో అవతలి కంపెనీ ఎక్కువ ఇస్తానన్నా పోకుండా డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌తో ఇరవై ఏళ్ళ కాంట్రాక్టు రాసుకున్నాడు. ఏడాది తిరక్కుండానే మెక్‌మాన్ ఆ డబ్బు నేను ఇవ్వలేను, నువ్వు అటే పో అన్నాడు. 1997 నవంబరు 9, మాంట్రియల్. ఛాంపియన్ బ్రెట్, ఎదురుగా షాన్ మైకేల్స్. సొంత దేశంలో ఓడిపోను, బెల్టు తర్వాత మర్యాదగా అప్పగిస్తానన్నాడు బ్రెట్. మైకేల్స్ బ్రెట్ పట్టునే బ్రెట్ కాళ్ళకు వేశాడు. బ్రెట్ లొంగలేదు, చెయ్యి నేలకు తట్టలేదు. గంట మాత్రం మోగింది. కొట్టమన్నది రింగు పక్కనే నిలబడ్డ మెక్‌మాన్. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం అంటారే, ఇక్కడ ద్రోహం చేసింది ఇల్లే.

బ్రెట్ పోయాడు, తమ్ముడు ఓవెన్‌కు కంపెనీ రిలీజు ఇవ్వలేదు. 1999 మే 23న కాన్సాస్ సిటీలో పైకప్పు నుంచి తాడుతో దిగే విన్యాసంలో కిందపడి ఓవెన్ చనిపోయాడు.

2001 మార్చిలో మెక్‌మాన్ డబ్ల్యూసీడబ్ల్యూను కొనేశాడు. పోటీ ముగిసింది. అమెరికాలో రెజ్లర్లకు బేరమాడటానికి దీటైన ఇంకో గడప లేకుండా పోయింది. దాదాపు ఇరవై ఏళ్ళు అలాగే నడిచింది. 2019లో ఏఈడబ్ల్యూ అనే కొత్త కంపెనీ వచ్చాకే మళ్ళీ ఆ పెద్ద కంపెనీకి గట్టి పోటీ ఏర్పడింది.

ఇప్పుడు మా అన్న కొడుకు ఫోన్‌లో కోడీ రోడ్స్‌ను చూస్తాడు. 2016లో కోడీ డబ్ల్యూడబ్ల్యూఈ (ఆ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ తర్వాత పెట్టుకున్న పేరు) వదిలినప్పుడు రోడ్స్ అన్న పేరు కంపెనీ దగ్గరే ఉండిపోయింది. అది వాళ్ళ నాన్న డస్టీ రోడ్స్ రింగులో పండించిన పేరు. నాలుగేళ్ళు ఒట్టి కోడీగానే ఆడి, 2020లో దాన్ని తిరిగి రాబట్టుకున్నాడు. 2022 ఏప్రిల్‌లో డబ్ల్యూడబ్ల్యూఈకి తిరిగొచ్చినప్పుడు బయట సంపాదించిన బిరుదు, బయట కట్టించుకున్న పాట, మెడ మీద పచ్చబొట్టు, ఇంటిపేరు, అన్నీ వెంట తెచ్చుకున్నాడు. వాటిలో ఒక్కటి కూడా మార్చమని కంపెనీ అడగలేదు.