గోడ అవతలి లాడ్జి

లాడ్జి అంటే మనకి గుర్తొచ్చేది సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా, అర్ధరాత్రి రైలు దిగినవాళ్ళకి గది అద్దెకిచ్చేది. ఆ మాటకి ఇంగ్లీషులో ఇంకో రెండర్థాలున్నాయని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఒకటి వేట విడిది. రెండోది, సభ్యులు కానివాళ్ళు గడప తొక్కలేని సంఘం హాలు. చిత్రమేంటంటే, మన ఊళ్ళోనే ఒక భవనం మొదటి అర్థంలో పుట్టి, ఇంచుమించు రెండో అర్థంలో బతికి, 2022లో కాలిపోయింది. పికెట్ దగ్గరున్న సికింద్రాబాద్ క్లబ్బు సంగతే చెబుతున్నా.

క్లబ్బు పుట్టింది 1878 ఏప్రిల్ 26న. మొదట పబ్లిక్ రూమ్స్ అన్నారు. (పేరుకే పబ్లిక్!) తర్వాత గారిసన్ క్లబ్, ఆ తర్వాత యునైటెడ్ సర్వీసెస్ క్లబ్... చివరికి ఇప్పటి పేరు స్థిరపడింది. భవనం మాత్రం నిజాం దివాను మొదటి సాలార్ జంగ్ గారి వేట విడిది, కంటోన్మెంటు దొరలకి ఆయన ఇచ్చిందని చెబుతారు. అదే కాలంలో, 1872లో, మూసీకి ఇవతల గోషామహల్ బారాదరి ఫ్రీమేసన్ల చేతికొచ్చింది. అదేమో తానీషా నాటి కట్టడం. ఇలాంటి మేసన్ల హాళ్ళని మన దేశంలో చాలా ఊళ్ళలో జనం 'జాదూఘర్' అనేవారు. తలుపులు మూసి ఉంటే బయటివాళ్ళు కథలే కదా అల్లుకుంటారు.

నేను మాత్రం కథ కూడా అల్లుకోలేదు. జూబ్లీ బస్ స్టేషన్ మీదుగా ఏళ్ళ తరబడి ఆఫీసుకెళ్ళాను, రోజూ ఆ గోడా చెట్లూ చూస్తూనే. చిన్నప్పుడు ఒకసారి లోపలేముందని అడిగితే మా తాతయ్య, "అక్కడ మనకేం పనిరా?" అన్నారు. అంతే, ఇంకెప్పుడూ అడగలేదు.

2022 జనవరి 16, సంక్రాంతి సెలవులు. తెల్లవారుజామున అంటుకుందట. అదృష్టం, ఎవరికీ ప్రాణాపాయం లేదు. పొద్దున్నే ఫోన్లో ఫోటోలు చూశాను. ఆ భవనాన్ని నేను సరిగ్గా చూడటం అదే మొదటిసారి, అదీ కాలుతున్నప్పుడు! అయ్యో అన్నాను. మా ఆవిడ "మనకేం పోయిందండీ? ఎప్పుడైనా లోపలికెళ్ళామా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు 2025లో దొరికింది. ఆ ఏడు మన రైల్వే స్టేషన్ పాత ముఖద్వారం కూల్చేశారు, కొత్త స్టేషన్ కోసం. ఆ వారం నాకు తెలిసిన ప్రతివాళ్ళ దగ్గరా ఒక ఫోటోనో, ఒక కథో ఉంది. ఉద్యోగం కోసం మొదటిసారి దిగిన రోజు, పెళ్ళయ్యాక అమ్మాయిని రైలెక్కించిన రోజు... ముఖద్వారం పోయింది గానీ లక్షల కాపీలు మిగిలాయి. క్లబ్బు జ్ఞాపకాలేమో సభ్యుల దగ్గరే ఉండిపోయాయి. మా వృత్తి భాషలో చెప్పాలంటే, బ్యాకప్ అంతా ఒకే డిస్కులో పెట్టుకున్నట్టు.

సభ్యుల బాధని తక్కువ చెయ్యటం లేదు. వాళ్ళ ఇల్లు వాళ్ళిష్టం, అదీ ఒప్పుకుంటాను. కానీ బొల్లారంలో రాష్ట్రపతి నిలయం చూడండి. ఒకప్పుడు ఏడాదికి కొన్నాళ్ళు మాత్రమే తెరిచేవారు. 2023 ఉగాది నుంచి ఏడాది పొడుగునా జనాన్ని రానిస్తున్నారు. సాక్షాత్తూ రాష్ట్రపతి విడిదికే లేని అభ్యంతరం మిగతావాళ్ళకెందుకు? ఏడాదికి ఒక్క ఆదివారం చాలు. బడిపిల్లలు వరసగా వచ్చి, మెట్లెక్కి, పైకప్పు చూసి వెళ్ళిపోతారు.

మా అబ్బాయి మొన్న అదే దారిలో అదే గోడ చూసి "లోపలేముంది నాన్నా?" అన్నాడు. తాతయ్య మాట నోటిదాకా వచ్చింది. మింగేసి, "నాకూ తెలీదురా, కనుక్కుందాం" అన్నాను.