పంటల తల్లి కథ

మేము బాలికలకు చరిత్ర బోధించుచుందుము. ప్రాచీన గ్రీసు, రోముల పాఠము వచ్చినప్పుడెల్ల నా దేశముల దేవతలను పరిచయము చేయక తప్పదు. గ్రీకుల జ్యూసే రోమనుల జూపిటరు, హీరాయే జూనో, అథీనాయే మినర్వా యని నల్లబల్లపై పట్టిక వ్రాయుట సులభమే. కాని మరునాటికి ఒక్క పేరైనను పిల్లల నోట నిలువదు. అందుచే మేము ఆకాశమునుండి మొదలిడుదుము. మన బుధుడు వారికి మెర్క్యురీ, అంగారకుడు మార్సు, బృహస్పతి జూపిటరు. శుక్రుని కడకు వచ్చుసరికి తరగతి యంతయు ఘొల్లున నవ్వును. మనకు అసురగురువైనవాడు వారికి సౌందర్యదేవత వీనసు! జూపిటరు పేరు వేదములోని ద్యౌష్పితకు జ్ఞాతియని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురనగా నవ్వు మాని కనులు విప్పి చూతురు.

ఇంతవరకు చిక్కు లేదు. కథలు చెప్పవలసి వచ్చినప్పుడే మా ధైర్యము సడలును. జ్యూసు నడవడి యెట్టిదో యెరిగినవా రెరుగుదురు.

గడచిన యేట డెమీటరు కథ నెత్తుకొంటిమి. ఆమె పంటల తల్లి, రోమనులకు సీరీసు. నేడు మన పిల్లలు పాలలో వేసికొను సీరియలు పేరు ఆమెనుండి పుట్టినదే. ఆమె కూతురు పెర్సెఫొనీని పాతాళరాజగు హేడీసు “వివాహమాడి తీసికొనిపోయెను” అని మెత్తగా చెప్పి ముందునకు సాగబోతిమి. వెనుకబల్లనుండి యొక బాలిక లేచి, “మరి వాళ్ళమ్మ నడిగారా, టీచర్?” అనెను.

మేము తడబడితిమి. ఇంతలో గంట మ్రోగగా, అదే సాకుగా పుస్తకము మూసితిమి. ఇంటికి వచ్చినను ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. హోమరు పేర ప్రసిద్ధమైన ప్రాచీన స్తోత్రమున దాపరికము లేని సంగతిని మేము దాచనేల?

మరునాడు ఉన్నదున్నట్లు చెప్పితిమి. పూలు కోయుచున్న పిల్ల కాళ్లకడ నేల పగిలెను. ఆమెను సోదరునకు ఇచ్చినవాడు తండ్రియగు జ్యూసే. తల్లికి మాటయైనను చెప్పలేదు. “సొంత పెదనాన్నకా!” యని పిల్లలు చెవులు మూసికొనిరి. తల్లి తొమ్మిది దినములు అన్నము, స్నానము మాని చేత దివిటీలతో వెదకెను. తుదకు సూర్యుడు నిజము చెప్పి, అల్లుడు తగనివాడు కాడు, దుఃఖింపకుమని హితవు పలికెను. ఇట్టి హితవు మా బాలికలు తమ యిండ్లలో విననిది కాదు కాబోలు, ఒకరి మొగ మొకరు చూచుకొనిరి.

డెమీటరు ఊరడిల్లలేదు. ముదుసలి వేషమున ఎలూసిసు చేరి యొక యింట దాదిగా కుదిరెను. పిదప విత్తనము మొలకెత్తనీయలేదు. నైవేద్యములు నిలిచిపోగా జ్యూసు దిగివచ్చెను. అయినను కూతురు పాతాళమున దానిమ్మగింజ యొక్కటి తినియుండుటచే ఏటిలో మూడవవంతు అచ్చట గడుపవలసి వచ్చెను. రోమను కవి ఓవిడు దానిని ఏడు గింజలు, ఆరు నెలలు చేసినాడు. మాకు పాత లెక్కయే యిష్టము.

ఏథెన్సుకు చేరువనున్న ఆ ఎలూసిసులో తల్లీకూతుండ్ర పేర రహస్యోత్సవములు అనేక శతాబ్దములు జరిగెను. స్త్రీలకును, బానిసలకును ప్రవేశ ముండెడిది. 392లో థియొడోసియసు చక్రవర్తి పాత దేవతల పూజలను నిషేధించెను. అన్నివేలమంది చూచిన రహస్యము నేటికిని పూర్తిగా బయటపడకుండుట మాకు వింతయే.

ఆ బాలిక మరల నేమియు నడుగలేదు. పరీక్షలో ఒలింపసు దేవతలు పండ్రెండుగురి పేర్లు వ్రాయుమంటిమి. ఆమె జ్యూసును మరచి డెమీటరును రెండుమారులు వ్రాసినది. మార్కు తగ్గింప మాకు చేయి రాలేదు.