గొంగడికి జేబులు

హైదరాబాద్‌లో ఉండేవాళ్లు చలి గురించి మాట్లాడితే మా బోథ్ వాళ్లకు నవ్వొస్తుంది. డిసెంబరు వచ్చిందంటే తెలంగాణలో అందరికంటే ముందు వణికేది ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లానే. రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగడం మాకు వార్త కాదు, ఐదుకు దిగితే వార్త. పొద్దుగూకితే ప్రతి వాడకట్టులో సలిమంటే. పొచ్చెర జలపాతం చూడ్డానికొచ్చిన పట్నం పిల్లలు పలచటి చొక్కాల్లో వణుకుతూ ఫొటోలు దిగుతుంటే మా అవ్వ జాలిపడుతుంది... ‘పాపం, ఇంట్ల గొంగడి లేదేమో’ అని!

అలాంటి ఊళ్లో, గొంగడి ఉన్న ఇంట్లో మా తమ్ముడికి పైలట్ జాకెట్ మీద మనసైంది. సినిమాల్లో యుద్ధవిమానాలు నడిపేవాళ్లు వేసుకుంటారే, పైన తోలు, లోపల తెల్లటి ఉన్ని, పెద్ద కాలరు- అదే. వాడిది షోకని నేను కొట్టిపారేయలేదు. కారణముంది. వాడి ఉద్యోగం ఆదిలాబాద్‌లో. తెల్లవారుజామున బైకు మీద బయల్దేరి ఇచ్చోడ మీదుగా జాతీయ రహదారిన పోవాలి. ఓ రోజు పొగమంచులో వేళ్లు కొంకర్లుపోయి, బ్రేకు సరిగా నొక్కలేక, ఆగి ఉన్న లారీ వెనక జానెడు దూరంలో ఆగాడట. ఇంట్లో చెప్పలేదు, నాకు ఫోన్ చేసి చెప్పాడు. ‘మంచి తొడుగులు కొనుక్కో’ అన్నాను. అవి ఉన్నాయట. తర్వాత తెలిసింది, తొడుగులు ఒక్కటే చాలవని. ఒళ్లు చల్లబడితే శరీరం ముందుగా గుండె, ఊపిరితిత్తుల్లాంటి వాటిని కాపాడుకోవడానికి చేతులకు నెత్తురు తగ్గించేస్తుంది. ఛాతీ వెచ్చగా లేకపోతే వేళ్లు బిగుసుకుపోక తప్పదు.

దాంతో జాకెట్ల వెదుకులాటలో నేనూ దిగాను. వాడు రోజుకు నాలుగు ఫొటోలు పంపేవాడు. వాటిలో మూడు రకాలు కనిపించాయి. మొదటిది పేరున్న డిజైనర్లది. నడుము దగ్గర బిగుతుగా, ఉన్నిని పొట్టిగా కత్తిరించి, బరువు తగ్గించి కుడతారు. ధర చూస్తే చలి దానంతటదే పోతుంది, చెమటలు పడతాయి కాబట్టి! రెండోది పాత యుద్ధకాలపు నమూనాను అచ్చంగా దించేవాళ్లది. అదీ మన జీతాలకు అందేది కాదు. మూడోది రెండు మూడు వేలకు దొరికేది. పైన రెగ్జిన్, లోపల పాలిస్టర్ బొచ్చు. తమ్ముడు ఈ మూడోదాన్నే అసలైన గొర్రెతోలనుకున్నాడు. తేడా తెలుసుకోవడం కష్టమేం కాదు. వేళ్లతో బొచ్చును పాయ తీసి మొదట్లోకి చూడాలి. తోలులోంచి మొలిచినట్టుంటే అసలుది, అడుగున నేసిన గుడ్డ కనిపిస్తే నకిలీ. అయితే, ఫోన్లో పాయ తీయడం ఎలా?

అసలు ఈ జాకెట్ పుట్టుకే తమాషా. లెస్లీ ఇర్విన్ అనే అమెరికన్ పారాచూట్లు తయారుచేసేవాడు. 1919లో విమానంలోంచి దూకి, గాల్లో తనే తాడు లాగి పారాచూట్ విప్పుకుని చూపించిన మనిషి. 1926లో ఇంగ్లండులోని లెచ్‌వర్త్‌లో ఫ్యాక్టరీ పెట్టాడు. 1930లలో బ్రిటిష్ వైమానిక దళానికి గొర్రెతోలు జాకెట్లు కుట్టించింది ఆయన కంపెనీయే. అప్పటి విమానాల్లో వెచ్చదనం ఏర్పాటు అంతంతమాత్రం. ఇరవై వేల అడుగుల ఎత్తున మామూలుగా మైనస్ పాతిక డిగ్రీలు. ఆ చలికి తట్టుకోవాలంటే దట్టమైన ఉన్ని లోపలికి, తోలు బయటికి. ఉన్ని పోగుల మధ్య గాలి నిలిచిపోతుంది, ఒంటి వేడిని బయటికి పోనీయదు. తోలు ఈదురుగాలిని ఆపుతుంది. చేతుల దగ్గర జిప్పు, మెడ చుట్టూ ఎత్తి కట్టుకునే కాలరు- ప్రతిదానికీ పనుంది. యుద్ధం ముదిరి పెద్ద తోళ్లు దొరకనప్పుడు చిన్నచిన్న ముక్కలు అతికి కుట్టారు. ఇవాళ ఫ్యాషన్‌గా కనిపించే ఆ అతుకులు నాటి కరువుకు గుర్తులు.

ఇంకో సంగతి చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. 1940లో జర్మనీ విమానాలతో తలపడిన బ్రిటిష్ దళాల్లో 152వ స్క్వాడ్రన్ పేరు ‘హైదరాబాద్’. స్పిట్‌ఫైర్ విమానాలు నడిపేవారు. వాళ్ల చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా పెట్టిన పేరది. అప్పుడు మా బోథ్ నిజాం రాజ్యంలోదే. అంటే మా తాతల శిస్తు పైసల్లో కొన్ని అటూ ఎగిరి ఉంటాయి. ఇంగ్లండు ఆకాశంలో ఆ కుర్రాళ్లు గొర్రెతోలు కప్పుకుని ఎగిరిన 1940లోనే ఇక్కడ జోడేఘాట్‌లో కొమురం భీం నిజాం బలగాల తూటాలకు నేలకొరిగాడు. జాకెట్ వెదకబోతే ఇదంతా తగిలింది!

ఈ గొడవంతా విని బాపు అడిగిన మాట ఒక్కటే... ‘గొర్రె బొచ్చే కావాల్నంటే మనింట్ల లేదారా?’

ఉంది, తాత గొంగడి. దక్కనీ గొర్రెల నల్లబొచ్చుతో నేసింది. ఆ బొచ్చు మెరినో ఉన్నిలా మెత్తగా ఉండదు, ముతక. ఆ ముతకదనమే దాని బలం. బొచ్చును ఏకి, ఇంటి ఆడవాళ్లు వడికి, కురుమలు మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టిస్తారు. దాంతో నేత బిగుసుకుంటుంది. చిన్నపాటి వానకు నీళ్లు పైపైనే జారిపోతాయి. ఉన్ని తన బరువులో మూడోవంతు దాకా తేమ పీల్చుకున్నా తడిసినట్టు అనిపించదు. చేను కాడ మంచె మీద అదే పరుపు, అదే దుప్పటి. కొప్పెర పెట్టుకుంటే గొడుగు. ‘మాభూమి’ సినిమాలో గద్దర్ భుజాన ఉన్నదీ అదేగా! ‘గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకున్నట్టు’ అని ఎగతాళి చేసే భాష కూడా మనదే అనుకోండి.

కానీ గొంగడి కప్పుకుని బైకు నడపలేం. అంచు చక్రంలో చిక్కుకుంటే చలి కంటే పెద్ద ప్రమాదం. దాన్ని జాకెట్‌గా కుట్టించాలన్నది నా ఆలోచన. హైదరాబాద్‌లో కొందరు యువ డిజైనర్లు గొంగడితో రైతుల కోసం బూట్లే చేస్తున్నారు, కోటు ఎందుకు కాకూడదు?

అవ్వ ఒప్పుకోలేదు. ‘పెద్దల గొంగడికి కత్తెర పెడ్తరా?’ అని రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నిజానికి నాకూ చెయ్యి రాలేదు. నేత బట్ట ఒకసారి కోస్తే మళ్లీ అతకదు. చివరికి నేను లారీ సంగతి చెప్పేశాను. తమ్ముడు నావైపు గుర్రుగా చూశాడు. బాపు ఏమీ అనకుండా లోపలికెళ్లి గొంగడి తెచ్చి మంచం మీద పరిచాడు. ‘పెట్టెల పెట్టి పురుగులకేద్దునా? కొయ్యుండ్రి’ అన్నాడు.

దర్జీ మొదట నవ్వాడు, తర్వాత రెండు సూదులు విరిగాక నవ్వడం మానేశాడు. మందమైన చోట్ల దబ్బనంతో చేత్తోనే కుట్టాడు. కోసిన అంచులు పోగులు ఊడకుండా పట్టీ వేశాడు. గుచ్చుకోకుండా లోపల పాత నూలుచీర లైనింగు. ఎదుటి నుంచి కొట్టే గాలి నేతలోంచి దూరుతుంది కాబట్టి ఛాతీ మీద కాన్వాసు గుడ్డ ఒక పొర. జేబులు తమ్ముడి కోరిక. ఇర్విన్ జాకెట్‌లో చూసి కాలరు మాత్రం నేను చెప్పి ఎత్తుగా పెట్టించాను.

బరువుంది. మంచుకు తడిస్తే గొర్రె వాసన వస్తుంది, ఆ సంగతి దాచను. ఆఫీసులో వాణ్ని ‘పైలట్ సాబ్’ అంటున్నారట. మొదటి వారం రోజూ ఇచ్చోడ దగ్గర ఆగి, వేళ్లు ముడిచి తెరిచి చూసుకుని నాకు మెసేజ్ పెట్టేవాడు. తర్వాత పెట్టడం మానేశాడు. గుర్తుకు రానంత బాగా ఉన్నాయన్నమాట.

ఇప్పుడు చిక్కల్లా బాపుకే. మంచె మీదికి కొత్త గొంగడి కావాలి. అంగట్లో ఉన్నవన్నీ మిల్లు రగ్గులే. గొర్లు కాసే ఒక పెద్దాయనను అడగడానికి వెళ్లాం. మందలో ఎక్కువ ఎర్రవే, నెల్లూరు జాతివి. త్వరగా ఎదుగుతాయి, మాంసానికి మంచి ధర, కానీ ఒంటి మీద ఉన్ని ఉండదు. 2017లో మొదలైన గొర్రెల పంపిణీలో వచ్చినవీ ఎక్కువగా ఇలాంటివేనట. బొచ్చు కొనేవాళ్లు లేక, కత్తిరించే కూలీ కూడా మీద పడుతుంటే నల్లవాటిని ఎందుకు పెంచాలని ఆయన అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. ఆ ఎర్రటి మంద వెనకాల ఆరేడు నల్ల గొర్రెలు మేస్తున్నాయి. ‘అవి మా అవ్వకు ఇష్టమని ఉంచిన’ అన్నాడు. ఒక గొంగడికి ఆ బొచ్చు సరిపోదట, ఇంకో రెండు మందల్లోంచి పోగేయాలి. నేసేవాళ్లనూ వెదకాలి. బాపు అడ్వాన్సుగా ఐదువందలు ఆయన చేతిలో పెట్టాడు. బొచ్చు కత్తిరించే రోజున కబురు పెడతానన్నాడు.