35 వస్తే పాసు

ముప్పై ఏళ్ళకు పైగా బడిపంతులుగా బతికినవాడికి ఏది చూసినా మార్కులు వెయ్యాలనిపిస్తుంది. పెళ్ళిభోజనానికి వేస్తాను, హరికథకు వేస్తాను, ఎన్నికల ఉపన్యాసానికి వేస్తాను. అట్లాంటివాణ్ణి, సినిమాలను వదులుతానా? రిటైరయ్యాక ఎర్రసిరా పెన్ను పక్కన పెట్టానే గాని, ఆ గుణం పోలేదు. ఈ రెండు మూడేళ్ళలో చూసిన సినిమాల గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. నేను విమర్శకుణ్ణి కాను. కెమెరా ఎక్కడ పెట్టారో, ఎడిటింగు ఎంత పదునుగా ఉందో నన్నడగవద్దు. హోసూరులో పుట్టి, ఆ చుట్టుపక్కల పల్లెల్లో పిల్లల చేత తెలుగు అక్షరాలు దిద్దించినవాణ్ణి. అందువల్ల నా మార్కుల పద్ధతి వేరు. వందకు 35 వస్తే పాసు. ఆ వందలో యాభై సినిమాకు, యాభై అందులోని తెలుగుకు.

తెలుగుకు యాభై ఎందుకయ్యా అంటారేమో. విజయవాడలోనో వరంగల్లులోనో ఉండేవాళ్ళకు తెలుగు గాలిలాంటిది. బస్సెక్కితే తెలుగు, అంగడికి పోతే తెలుగు. మా మనవరాలి సంగతి అట్లా కాదు. ఏడో తరగతి చదువుతున్నది. బడిలో తమిళం, ఇంగ్లీషు. వీధిలో ఆడుకునే పిల్లలతో తమిళం, పక్కింటివాళ్ళతో కన్నడం. ఇంట్లో మా ముసలివాళ్ళిద్దరితో, అమ్మానాన్నలతో తెలుగు. ఆ నలుగురినీ తీసేస్తే, దాని చెవిలో తెలుగు వేసేది సినిమా ఒక్కటే. అయిదో మనిషి మా ఇంట్లో ఎట్లా మాట్లాడుతున్నాడో నేను చూసుకోవద్దూ?

మొదట 'బలగం'. 2023లో వచ్చింది. వేణు యెల్దండి తీశాడు. తెలంగాణ పల్లెలో కొమురయ్య అనే పెద్దాయన చనిపోతాడు. పిట్టకు పెట్టిన కూడును కాకి ముట్టదు. ఎందుకు ముట్టదో ఊరంతా ఆలోచిస్తుంది. కథంతా అంతే. అల్లుడికీ కొడుక్కీ మధ్య ఇరవై ఏళ్ళ పగ. దానికి కారణం, విందులో విస్తట్లో పడని ఒక నల్లి బొక్క. ఇక్కడ మా మనవరాలు ఆపింది. "తాతా, బొక్కంటే తూటు కదా? తూటు కోసం కొట్లాడుకుంటారా?" అంది. మా దిక్కు బొక్క అంటే రంధ్రం, అక్కడ ఎముక అని చెప్పాను. సినిమా అయిపోయేదాకా అట్లాంటి మాటలు పది పట్టుకొచ్చింది. పక్కింటి కన్నడం ఆవిడ కూడా మాతో కూర్చుని చూసింది. పేరుకు అర్థం ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. వాళ్ళకూ 'బంధు బళగ' ఉంది కదా. చివర ఆ పాటకథ వాళ్ళు పాడుతుంటే మా ఇంటావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కాకికి కూడు పెట్టి, అది వచ్చిందాకా గోడవైపు చూస్తూ నిలబడటం మాకు మాత్రం కొత్తా? సినిమాకు 40, తెలుగుకు 45. మొత్తం 85.

ఇక 'పుష్ప'. 2021లో మొదటి భాగం, 2024 డిసెంబరులో రెండోది. రెండో భాగం మూడు గంటల ఇరవై నిమిషాలు. ఆ వయసు పిల్లలకు అందులోని నరుకుళ్ళు పనికిరావని మనవరాలిని ఇంట్లో వదిలి నేను ఒక్కణ్ణే పోయాను. ఎర్రచందనం దొంగిలించేవాణ్ణి అంత ఎత్తున నిలబెట్టడం నాకు రుచించలేదు. సినిమాకు 15 కంటే వెయ్యలేను. కాని ఆ తెలుగు! చిత్తూరు జిల్లా మాట. కుప్పం దాటితే మాకు పొరుగు. "యాడికి", "ఏంది", "ఉండాడు" అని ఒక కథానాయకుడు కాలు మీద కాలేసుకుని మాట్లాడుతుంటే, నా పక్కన కూర్చున్న కూలి మనిషి "మన మాదిరే మాట్లాడతా ఉండాడే!" అన్నాడు. ఆ ఒక్క మాటలో ఎంత ఉందో ఆలోచించండి. నా చిన్నతనం నుంచి ఈ యాస సినిమాలో వినబడితే అది వంటవాడి నోటనో, బిత్తరపోయే పల్లెటూరివాడి నోటనో వినబడేది. నవ్వించడానికి వాడుకునేవాళ్ళు. హీరో మాత్రం పుస్తకాల తెలుగు మాట్లాడేవాడు. మొదటి భాగానికి అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. తెలుగు నటుడికి అది రావడం అదే మొదలు. ఆ బహుమతి వచ్చింది మా పొరుగు యాసకు కూడా అని నేను లెక్కవేసుకున్నాను. తెలుగుకు 47. మొత్తం 62.

'సంక్రాంతికి వస్తున్నాం' 2025 పండక్కి వచ్చింది. వెంకటేష్, అనిల్ రావిపూడి. నవ్వుకున్నాం, కాదనను. అందులో బుల్లిరాజు అనే పిల్లవాడు నోటికొచ్చిన బూతు తిడుతుంటాడు. ఓటీటీ చూసి నేర్చుకున్నాడట. హాలంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను గాని, ఇంటికి వచ్చేదారిలో ఒక సంగతి మెదిలింది. ఆ పిల్లవాడి చుట్టూ ఊరంతా తెలుగు ఉంది. నాలుగు బూతులు నేర్చినా, మంచి మాటలు నలభై వాడికి వేరే చోట దొరుకుతాయి. సినిమానుంచి తప్ప కొత్త మాట దొరకని పిల్లలకు ఏ మాట చిక్కితే అదే మిగులుతుంది. సినిమాకు 20, తెలుగుకు 25. మొత్తం 45. పాసే.

'సత్యం సుందరం' విషయంలో మనబోటివాళ్ళకు ఒక లాభం, ఒక నష్టం. ఇది 2024లో వచ్చిన తమిళ 'మెయ్యళగన్'కు తెలుగు. ప్రేమ్‌కుమార్ తీశాడు. అరవింద్ స్వామి, కార్తి. మేము మొదట తమిళంలో చూశాం, తరువాత తెలుగులో. సొంత ఇల్లు పోగొట్టుకుని, ఊరు విడిచి వెళ్ళినవాడు ఇరవై ఏళ్ళ తరువాత ఒక పెళ్ళికి తిరిగి వస్తాడు. అక్కడ ఒక బంధువు ప్రాణం పెట్టి ఆదరిస్తాడు. వాడి పేరేమిటో ఇతనికి గుర్తురాదు. ఇంత చిన్న సంగతితో రాత్రంతా కథ నడిపించారు. సినిమాకు 40 కళ్ళు మూసుకుని వేశాను. కాని తెలుగులో తంజావూరు గుంటూరు అయింది. ఇళ్ళూ కాలువలూ వరిమళ్ళూ మాత్రం కావేరి గడ్డవే. రెండు భాషలూ వచ్చినవాడికి పెదాలు ఒకటి చెబుతుంటే చెవి ఇంకొకటి వింటుంది. నాకొక సందేహం. తంజావూరును తంజావూరుగానే ఉంచితే ఏమయ్యేది? నాయక రాజుల కాలం నుంచి ఆ ఊళ్ళో తెలుగు ఉంది. సరస్వతీ మహల్‌లో తెలుగు తాళపత్రాలు ఉన్నాయి. తంజావూరులో తెలుగు మాట్లాడేవాడు ఉంటాడంటే ప్రేక్షకుడు నమ్మడని ఎందుకు అనుకోవాలి? అంతెందుకు, 1931లో వచ్చిన తొలి తమిళ టాకీ 'కాళిదాస్'లోనే తెలుగు మాటలూ వినిపించాయి. తెలుగు సినిమా చాలాకాలం మద్రాసు వడపళనిలోనే పుట్టి పెరిగింది. అది హైదరాబాదుకు కాపురం మార్చింది. మేం మారలేదు. సత్యం ఊరు విడిచిపోయినవాడు. మనం ఊరు విడవకుండానే బయటివాళ్ళమయినవాళ్ళం. అందుకే ఆ పేరు మార్పు నాకు కొంచెం ఎక్కువ గుచ్చుకుంది. తెలుగుకు 20. మొత్తం 60.

చివరగా '35 - చిన్న కథ కాదు'. 2024లో వచ్చింది. నందకిశోర్ ఈమాని తీశాడు. కథ జరిగేది తిరుపతిలో. అరుణ్ అనే పిల్లవాడికి లెక్కలు రావు. రావంటే, అడగరాని ప్రశ్న అడుగుతాడు. సున్నాకు విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే పది ఎట్లా అయింది? లెక్కల మాస్టరు వాణ్ణి జీరో అని పిలుస్తాడు. 35 తెచ్చుకోకపోతే బడిలో చోటు లేదు. తల్లి సరస్వతి తాను లెక్కలు నేర్చుకుని కొడుక్కి నేర్పుతుంది. నివేదా థామస్ ఆ తల్లి. ఇది చూసి పంతులు అనేవాడు చలించకపోతే వాడు పంతులే కాదు. సినిమాకు 44, తెలుగుకు 44. మొత్తం 88. క్లాసు ఫస్టు.

ఆ సినిమా అయ్యాక మనవరాలిని అడిగాను, దీని పేరు తెలుగులో రాయమ్మా అని. అది 35 అని అంకె వేసి నిలబడిపోయింది. మాటలన్నీ వచ్చు. పాటలు నోటికి వచ్చు. అక్షరం రాదు. తప్పు దానిది కాదు. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం ప్రకారం ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతి చొప్పున పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడం మీద నాకు పేచీ లేదు. ఉన్న నేల భాష రాకపోతే ఎట్లా? కాని దాని పక్కన తెలుగుకు చోటు చాలక, నేను చెప్పిన బడిలోనే తెలుగు తరగతులు ఏటేటా పలచబడటం చూశాను. మా కాలంలో బడి కాకపోతే సినిమా అయినా అక్షరం నేర్పేది. 'మాయాబజార్' 1957 నాటిది. తెర మీద పేర్లన్నీ తెలుగు అక్షరాలు. గోడమీది పోస్టరు కూడబలుక్కుని చదివే మా ఈడువాళ్ళు చాలామంది అక్షరాలు పట్టుకున్నారు. ఇప్పుడు తెరమీద పేర్లు ఎక్కువగా ఇంగ్లీషులో పోతాయి. ఇంట్లో చూస్తే కింద వరసలూ ఇంగ్లీషే. సినిమా చెవికి తెలుగు ఇస్తుంది, కంటికి ఇవ్వదు. ఈ లెక్కన నేను వేసిన మార్కులన్నీ సగం పరీక్షకు వేసినవే.

అందుకని ఒక పద్ధతి పెట్టాను. ఏ సినిమా చూసినా, దాని పేరు పాత క్యాలెండరు కాగితం వెనక తెలుగులో రాయాలి. మొదటి పాఠం 'బలగం'. వత్తు లేదు, కొమ్ము లేదు, చివర ఒక సున్నా. రెండోది 'పుష్ప'. ష కింద ప వత్తు. ఆ సినిమా చూడకపోయినా పేరు రాయవచ్చు కదా. 'సత్యం'లో య వత్తు, 'సంక్రాంతి'లో ర వత్తు, 'చిన్న'లో న వత్తు, 'కథ'లో పొట్టలో చుక్క పెట్టే థ. అయిదు సినిమాలకు గుణింతంలో సగం వచ్చింది. ఒక్కొక్క పేరుకు ఇరవై మార్కుల చొప్పున మొన్న పరీక్ష పెడితే నూటికి 52 వచ్చాయి. పాసు. "నువ్వు సినిమాలకు వేసినట్టు చేయి జారవిడిచి వెయ్యలేదు కదా తాతా?" అని అనుమానించింది గాని, లేదని చెప్పాను. నిజంగానే లేదు.

బరంపురంలో, బళ్ళారిలో, షోలాపురంలో, యానాంలో ఉన్న మిత్రులు ఏ సినిమాకు ఎన్ని మార్కులు వేస్తారో రాయండి. నా 88తో పేచీ పెట్టుకున్నా మంచిదే. ఉత్తరం మాత్రం ఇంట్లో పిల్లల చేత రాయించండి, తెలుగులో. తప్పులున్నా ఫరవాలేదు, 35 వేస్తాను.